డీఎం తర్వాత ఇంకో ఏడాది: వంశపారంపర్య గుండె కండర జబ్బులు నేర్పాలంటే

డీఎం కార్డియాలజీ (ఎండీ తర్వాత చదివే గుండె వైద్యం కోర్సు) మూడేళ్లు పూర్తిచేసి బయటికొచ్చిన డాక్టరుకు మూసుకుపోయిన రక్తనాళం తెరవడం చేతనవుతుంది. పేస్‌మేకర్ పెట్టగలరు. ఎకోలో గుండె గోడ మందం 22 మిల్లీమీటర్లు కనబడితే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ, అంటే హెచ్‌సీఎం, అని రిపోర్టులో రాయగలరు. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. బీటా బ్లాకర్ రాసి ఆరు నెలలకు రమ్మంటే ఆ రోగి వరకే సగం పనైనట్టు. ఇంట్లో ఉన్న తమ్ముడిని, పన్నెండేళ్ల కూతురిని ఎవరు చూడాలి, ఏ పరీక్షతో చూడాలి, ఎన్నేళ్లకోసారి చూడాలి అన్న ప్రశ్నకు డీఎంలో జవాబు దొరకడం తక్కువ. ఎందుకంటే ఆ మూడేళ్లలో ఎక్కువ సమయం రక్తనాళాలు తెరిచే క్యాథ్‌ల్యాబే తినేస్తుంది.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. హెచ్‌సీఎం సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని 1995లోనే అమెరికాలో యువతీ యువకుల ఎకోలు చూసి లెక్కతేల్చారు. దానికి గుండె సాగి బలహీనపడే డైలేటెడ్ కార్డియోమయోపతీ (డీసీఎం)లో వంశపారంపర్యంగా వచ్చేవి, కుడి జఠరికను తినేసే ఏఆర్‌వీసీ, గుండెలో కొవ్వు పదార్థం పేరుకునే ఫాబ్రీ, ప్రొటీన్ పేరుకునే అమిలాయిడ్ లాంటివి కలుపుకోవాలి. చాలావాటిలో తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. కాబట్టి శిక్షణ ఇవ్వాల్సింది ఒక గుండెను చూడటానికి కాదు, ఒక కుటుంబాన్ని చూడటానికి. సిలబస్ మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడాలి.

బ్రిటన్‌లో ఇది ముందే కుదురుకుంది. లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రి పాథాలజిస్టు డొనాల్డ్ టీర్ 1958లో ఇలా గోడ మందమైన ఎనిమిది గుండెల్ని వర్ణించారు. ఎక్కువమంది హఠాత్తుగా పోయిన చిన్న వయసువాళ్లే. 2005 మార్చిలో అక్కడి ప్రభుత్వం గుండె జబ్బుల జాతీయ ప్రణాళికలో హఠాన్మరణాల మీద ప్రత్యేక అధ్యాయం చేర్చి, పోయినవారి దగ్గరి బంధువుల్ని పరీక్షించాలని రాసింది. కార్డియాలజిస్టు, జెనెటిసిస్టు, జెనెటిక్ కౌన్సెలర్, స్పెషలిస్టు నర్సు ఒకే క్లినిక్‌లో పనిచేసే పద్ధతి దానివల్ల బలపడింది. అమెరికాలో మూడేళ్ల కార్డియాలజీ ఫెలోషిప్ తర్వాత పెద్ద హెచ్‌సీఎం సెంటర్లు తమంతట తాము ఇంకో ఏడాది నడుపుతాయి. మన దగ్గర దీనికంటూ వేరే డీఎం లేదు. అలాంటి ఏడాది ఇక్కడ పెడితే అందులో ఏముండాలి, ఎక్కడ తప్పులు జరుగుతాయి అన్నదే ఈ పోస్టు.

ముందు వంశవృక్షం

మొదటి నెలలో ఎకో ప్రోబ్ ముట్టుకోకపోయినా ఫర్వాలేదు. మూడు తరాల వంశవృక్షం చేత్తో గీయడం రావాలి. కొత్త కుటుంబానికి ముప్పావుగంట పడుతుంది. పది నిమిషాల ఓపీలో ఇది జరగదు.

తెలుగు కుటుంబంతో ఈ పని చేసేటప్పుడు పాశ్చాత్య పుస్తకాలు చెప్పని ఇబ్బందులు వస్తాయి. “మా అన్నయ్య ముప్పై రెండేళ్లకే నిద్రలో పోయాడండీ” అంటారు. ఆ అన్నయ్య సొంత అన్నా, పెదనాన్న కొడుకా, పెద్దమ్మ కొడుకా? సొంత అన్నయితే దగ్గరి రక్తసంబంధంలో హఠాన్మరణం, రిస్కు లెక్కలోకి నేరుగా ఎక్కుతుంది. పెదనాన్న కొడుకైతే రెండు మెట్లు దూరం. “బాబాయి” అంటే నాన్న తమ్ముడు కావచ్చు, పిన్ని భర్త కావచ్చు. రెండో ఆయనకు రక్తసంబంధమే లేదు. మామయ్యతోనూ అదే తంటా: అమ్మ తమ్ముడా, మేనత్త భర్తా, పిల్లనిచ్చిన మామా? అందుకే ప్రతి పేరు దగ్గరా “ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లేనా? ఆయన ఎవరి కొడుకు?” అని అడిగి, గీత గీసి, ఆ గీతను ఇంట్లో పెద్దామెకు చూపించి సరిచూసుకోవాలి. సాధారణంగా అమ్మమ్మకో నాయనమ్మకో తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆమె రాలేకపోతే ఫోన్ కలిపించండి.

మేనరికాన్ని జంటగీతతో గుర్తించాలి. అక్క కూతుర్నో మేనత్త కూతుర్నో చేసుకున్న ఇంట్లో తల్లివైపు, తండ్రివైపు అనే విభజనే చెదిరిపోతుంది. ఒకే లోపం రెండు వైపులనుంచీ వచ్చి బిడ్డకు రెండు కాపీలు చేరవచ్చు. గుండె కండర ప్రొటీన్ రాసే ఎంవైబీపీసీ3 జీన్‌లో, ఆ ప్రొటీన్‌ను మధ్యలో తెంచేసే మార్పు ఒక్క కాపీ ఉన్న తండ్రికి నలభైల్లో జబ్బు బయటపడితే, రెండు కాపీలు వచ్చిన పసిబిడ్డకు నెలల వయసులోనే గుండె వైఫల్యం రావచ్చు. “పుట్టిన కొన్నాళ్లకే ఇద్దరు పిల్లలు పోయారు” అన్న మాట మేనరికపు ఇంట్లో వినబడితే ఆ గీత దగ్గర ఆగి ఇంకో పది ప్రశ్నలు వేయాలి.

మన దగ్గర హఠాన్మరణాలన్నీ “గుండెపోటు” ఖాతాలో పడిపోతాయి. ఎన్నేళ్లు, ఏం చేస్తుండగా, అంతకుముందు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డాడా అని విడదీసి అడగాలి. ఈత బాగా వచ్చినవాడు చెరువులో మునగడం, ఎదురు వాహనమేదీ లేకుండా బండి రోడ్డు దిగిపోవడం, మందులకు లొంగని ఫిట్స్ అని ఏళ్ల తరబడి చికిత్స చేయడం: ఈ మూడూ విడిగా అడగకపోతే ఎవరూ చెప్పరు. ఇంట్లో ఎవరికైనా యాభై దాటకముందే పేస్‌మేకర్ పడిందా అని అడగండి. గుండె లయను ముందే దెబ్బతీసే లామిన్ జీన్ (ఎల్ఎంఎన్ఏ) లోపానికి తలుపు అక్కడే తెరుచుకుంటుంది. డయాలసిస్, చిన్నప్పటినుంచి కాళ్లూ చేతుల్లో మంటలు, చెమట పట్టకపోవడం ఉంటే ఫాబ్రీ. రెండు మణికట్లకూ కార్పల్ టన్నెల్ ఆపరేషన్ జరిగి ఉంటే అమిలాయిడ్. ఊలులాంటి ఉంగరాల జుట్టు, అరచేతులూ అరికాళ్లూ మందంగా పొరలు కట్టడం కనబడితే గ్రీసులోని నాక్సోస్ దీవి పేరు మీద ఉన్న జబ్బు గుర్తుకు రావాలి. జబ్బు తండ్రినుంచి కొడుక్కి ఒక్కసారైనా దిగి ఉంటే ఎక్స్ క్రోమోజోము జబ్బుల్ని పక్కన పెట్టేయవచ్చు. వంశవృక్షంలో పైసా ఖర్చులేని పరీక్ష ఇది.

ఈసీజీ, ఎకో: చూడటం కాదు, కొలవడం

ఈసీజీని ఎకోతో జతచేసి చదవడం అలవాటు చేయాలి. గోడ మందంగా ఉండీ ఈసీజీలో వోల్టేజీ తక్కువగా ఉంటే అది కండరం పెరగడం కాదు, మధ్యలో ఇంకేదో పేరుకోవడం. ముందు అమిలాయిడ్‌ని అనుమానించండి. మందమైన గోడతో పాటు పీఆర్ వ్యవధి (కర్ణికనుంచి జఠరికకు విద్యుత్ సంకేతం చేరే సమయం) కుదించుకుపోయి ఉంటే ఫాబ్రీ, డానన్ జబ్బులు, పీఆర్‌కేఏజీ2 జీన్ లోపం. గుండె సాగి, పీఆర్ పొడుగై, పీ తరంగం చిన్నబోయి ఉంటే లామిన్. ఛాతీ మీది వీ4 నుంచి వీ6 లీడ్ల దాకా లోతుగా తిరగబడ్డ టీ తరంగాలు చూసి యాంజియోకి తీసుకెళ్లి, నాళాలు బాగున్నాయని ఇంటికి పంపేసిన రోగులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లలో కొందరిది గుండె కొస దగ్గర మందమయ్యే ఏపికల్ హెచ్‌సీఎం. మామూలు ఎకోలో ఆ కొస సరిగ్గా కనబడదు. కాంట్రాస్ట్ ఇచ్చి చూడాలి, లేదా ఎంఆర్ఐ చేయించాలి. ఆ కొస ఉబ్బి సంచిలా మారిందేమో కూడా అప్పుడే తేలుతుంది. అది ఉంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం, లయ తప్పే ప్రమాదం రెండూ పెరుగుతాయి.

ఎకోలో గోడ మందాన్ని డయాస్టోల్ చివర, షార్ట్ యాక్సిస్‌లో, కవాటాల వైపు అంచునుంచి కొస దాకా అన్ని భాగాల్లో కొలవాలి. పెద్దవాళ్లలో 15 మి.మీ., హెచ్‌సీఎం రోగి సొంత తోబుట్టువుల్లో, పిల్లల్లో, తల్లిదండ్రుల్లో 13 మి.మీ. గీత. రెండు మిల్లీమీటర్ల తేడా మీద ఒక మనిషి జీవితాంతం రోగి అవుతారా కారా అన్నది ఆధారపడుతుంది కాబట్టి కొలత సోమరితనాన్ని భరించదు. సాధారణ తప్పు: కుడి జఠరికలో సెప్టమ్‌కు (రెండు జఠరికల మధ్య గోడకు) అతుక్కుని ఉండే కండరపు పట్టీని సెప్టమ్‌లో కలిపేసి కొలవడం. 12 ఉన్న గోడ 16 అయిపోతుంది. రెండో తప్పు, ఏటవాలు కోతలో కొలవడం. శిక్షణలో ఉన్నవారి కొలతనూ, సీనియర్ కొలతనూ ఒకరిది ఒకరికి చూపకుండా తీసుకుని నెలకోసారి పోల్చండి. తేడా ఎక్కడ వస్తోందో మాటల్లో చెప్పక్కర్లేదు, తెర మీదే కనబడుతుంది.

ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికెళ్లే దారిలో అడ్డు ఎంతుందో కొలవడం ఇంకా జారుడు వ్యవహారం. అడ్డుకు అటూ ఇటూ పీడనాల తేడా (గ్రేడియెంట్) 30 మి.మీ. పాదరసం దాటితే అడ్డు ఉన్నట్టు. లక్షణాలు మందులకు లొంగక, 50 దాటితే సెప్టమ్ తగ్గించే ప్రక్రియ గురించి ఆలోచన. హెచ్‌సీఎం ఉన్నవాళ్లలో రమారమి మూడోవంతు మందికి విశ్రాంతిలోనే అడ్డు ఉంటుంది, ఇంకో మూడోవంతుకి రెచ్చగొడితేనే బయటపడుతుంది. కాబట్టి పడుకోబెట్టి ఒక్కసారి కొలిచి “అడ్డు లేదు” అని రాయడం తప్పు. వాల్సాల్వా, అంటే ఊపిరి బిగపట్టి ముక్కడం, 10–15 సెకన్లు గట్టిగా చేయించాలి. “ముక్కండి” అని చెబితే చాలామంది రెండు సెకన్లు ముక్కి వదిలేస్తారు. తర్వాత నిలబెట్టి కొలవాలి. లక్షణాలుండీ ఇంకా 50 దాటకపోతే ట్రెడ్‌మిల్ దిగిన వెంటనే కొలవాలి. ఈ పనికి గుండెను గట్టిగా కొట్టించే డోబుటమిన్ మందు వాడకూడదు, జబ్బు లేని గుండెలో కూడా అది అడ్డు పుట్టిస్తుంది. కడుపునిండా భోంచేశాక ఆయాసం పెరుగుతోందని రోగి చెబితే కొట్టిపారేయకండి, భోజనం తర్వాత గ్రేడియెంట్ నిజంగానే పెరుగుతుంది.

కొత్తవాళ్లంతా ఒకసారైనా పడే గొయ్యి: ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం లీకు ధారను అడ్డు ధారగా కొలవడం. అడ్డు ధార ఆలస్యంగా ఎగసి బాకు ఆకారంలో ఉంటుంది. లీకు ధార కవాటం మూసుకోగానే మొదలై, రెండువైపులా సమానంగా, ఇంకా ఎత్తుగా ఉంటుంది. సరిచూసుకోవడానికి చిన్న లెక్క చాలు. లీకు వేగం సెకనుకు 6.5 మీటర్లు అనుకుందాం. వేగాన్ని వేగంతో గుణించి నాలుగు రెట్లు చేస్తే 169. దానికి ఎడమ కర్ణిక పీడనం సుమారు 15 కలిపితే జఠరిక లోపల 184. చేతికి కట్టి చూసిన పై బీపీ 120 తీసేస్తే 64. అంటే అడ్డు ధార వేగం సుమారు 4 మీటర్లు ఉండాలి. తెర మీద కొలిచింది దీనికి దగ్గరగా ఉంటే సరే. రిపోర్టులో 169 అని వచ్చిందంటే కొలిచింది లీకునన్నమాట. ఈ లెక్క కోసం ఎకో గదిలోనే బీపీ చూడాలి, వార్డు షీట్‌లోది పనికిరాదు.

మందులు, మందుల వల్ల జరిగే పాడు

అడ్డు ఉన్న హెచ్‌సీఎం రోగికి బీపీ ఉందని ఆమ్లోడిపిన్, దానితో నీరు తీసే మాత్ర రాసేయడం జిల్లా స్థాయిలో రోజూ జరిగేదే. నాళాలు వ్యాకోచించి, రక్తం పరిమాణం తగ్గి, అడ్డు పెరిగి, మనిషి కళ్లు తిరిగి పడతాడు. అలా పడితే ఇంకో బీపీ మాత్ర మారుస్తారు. శిక్షణలో మొదటి పని మందు కలపడం కాదు, తీసేయడం. ఆ తర్వాతే బీటా బ్లాకర్, పనిచేయకపోతే వెరాపమిల్ లేదా డిల్టియాజెమ్, ఆపైన డైసోపిరమైడ్ (ఈసీజీలో క్యూటీ వ్యవధి పొడుగవుతోందేమో చూస్తూ, మూత్రం బిగుసుకుంటుందేమో అడుగుతూ).

మావాకామ్‌టెన్ 2022 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి పొందింది. కండరం బిగిసే జోరునే తగ్గించే మందు కాబట్టి ఎక్కువైతే గుండె పంపింగ్ పడిపోతుంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో కొట్టుకోవడంలో జఠరిక బయటికి తోసే రక్తం వాటా) 55 శాతం లోపు ఉంటే మొదలుపెట్టరు, మధ్యలో 50 లోపుకి పడితే ఆపుతారు. మొదటి మూడు నెలల్లో నెలనెలా ఎకో. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైము ఈ మందును విరగ్గొడుతుంది. అది నెమ్మదిగా పనిచేసేవాళ్లను యూరప్‌లో జీన్ పరీక్షతో ముందే గుర్తించి 5 బదులు 2.5 మి.గ్రా. తో మొదలుపెడతారు. మన ఇళ్లలో అడక్కుండా మింగే గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్ ఇదే ఎంజైమును అడ్డుకుంటుంది. “ఇంకేం మందులు వాడుతున్నారు?” అంటే “ఏమీ లేవు” అంటారు, “గ్యాస్ మాత్ర వేసుకుంటారా?” అని పేరుపెట్టి అడిగితేనే ఒప్పుకుంటారు. గర్భం దాల్చే వయసు స్త్రీకి గర్భనిరోధం మాట్లాడకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు.

కర్ణికలు లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చిన హెచ్‌సీఎం రోగికి మామూలు స్ట్రోకు స్కోరు వేసి “సున్నా వచ్చింది, రక్తం పలచబరిచే మందు అక్కర్లేదు” అనడం ఘోరమైన తప్పు. స్కోరుతో పనిలేదు, ఇవ్వాలి.

మందమైన సెప్టమ్‌ను తగ్గించడానికి దానిలోకి ఆల్కహాల్ పంపే పద్ధతిని 1994లో లండన్ రాయల్ బ్రాంప్టన్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ మొదలుపెట్టారు. 1 నుంచి 3 మిల్లీలీటర్లే, కానీ ఏ రక్తనాళపు కొమ్మలోకి పోతోందో కాంట్రాస్ట్ ఎకోతో చూశాకే. దీని తర్వాత కుడి బండిల్ (జఠరికకు విద్యుత్ సంకేతం తీసుకెళ్లే దారి) బ్లాకవడం మామూలు. కాబట్టి ముందే ఎడమ బండిల్ బ్లాక్ ఉన్న రోగికి ఆల్కహాల్ పంపితే పూర్తి హార్ట్‌బ్లాక్ దాదాపు ఖాయం. శస్త్రచికిత్సతో కండరం తొలిచే మయెక్టమీలో దీనికి తలకిందులు: దాని తర్వాత ఎడమ బండిల్ బ్లాకవుతుంది, ముందే కుడిది ఉన్నవాళ్లు జాగ్రత్త. చేసే డాక్టరుకు కనీసం 20 కేసుల అనుభవమైనా ఉండాలని, లేదా 50 దాటిన సెంటర్లో చేయాలని అమెరికా మార్గదర్శకాలు చెప్పాయి. ఒక్క ఏడాది ఫెలోషిప్‌లో ఎవరూ ఆ సంఖ్యకు చేరరు. చేయడం నేర్పుతామని ఆశపెట్టకుండా, ఎవరిని ఎక్కడికి పంపాలో నేర్పితే చాలని నా అభిప్రాయం.

జీన్ రిపోర్టు

రిపోర్టులో జీన్ మార్పులకు ఐదు తరగతులుంటాయి: కచ్చితంగా జబ్బు తెచ్చేది, బహుశా తెచ్చేది, తేలనిది, బహుశా హానిలేనిది, హానిలేనిది. 2015 అమెరికా మార్గదర్శకాలు పెట్టిన పద్ధతి ఇది. గందరగోళమంతా మధ్య తరగతిలో, ‘వీయూఎస్’ అని రాసే దానిలో. జీన్లు ఎంత ఎక్కువ ఉన్న ప్యానెల్ చేయిస్తే అంత ఎక్కువ వీయూఎస్‌లు వస్తాయి. రెండు వందల జీన్ల ప్యానెల్ అంటే ఎక్కువ తెలుస్తుందని కాదు. ఏ జీన్ ఏ జబ్బుకు నిజంగా కారణమో రుజువైన చిన్న జాబితాతో మొదలుపెట్టడమే మేలు.

తరగతి నిర్ణయంలో మొదటి మెట్టు, ఆ మార్పు మామూలు జనంలో ఎంతమందికి ఉందో చూడటం. దీన్ని నేర్పడానికి మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ నుంచే అసలైన ఉదాహరణ ఉంది. 2009లో అక్కడి కుమారస్వామి తంగరాజ్ బృందం ఎంవైబీపీసీ3 జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని, గుండె కండర జబ్బుతో దానికి సంబంధం కనబడుతోందని నేచర్ జెనెటిక్స్‌లో ప్రచురించింది. ఇప్పుడు ట్రైనీని ఇలా ఆలోచించమనండి. 4 శాతం అంటే పాతిక మందిలో ఒకరు. హెచ్‌సీఎం ఉన్నది 500 మందిలో ఒకరికి. మార్పు జబ్బుకంటే ఇరవై రెట్లు ఎక్కువగా ఉంది కాబట్టి అదొక్కటే బలంగా జబ్బు తెచ్చేదై ఉండే అవకాశం లేదు. 2020లో వచ్చిన విశ్లేషణ అదే చూపింది: ఈ మార్పు ఉన్న కొందరిలో అదే క్రోమోజోము మీద సి.1224-52జి>ఎ అనే ఇంకో అరుదైన మార్పు కలిసి ప్రయాణిస్తోంది, ప్రమాదంలో ఎక్కువ భాగం దానిదే. 25 అక్షరాల మార్పు ఒక్కటే ఉందని రిపోర్టు వస్తే కుటుంబాన్ని భయపెట్టి, ఉన్నవాళ్లు లేనివాళ్లని రెండు గుంపులు చేయకూడదు. ఆ రెండో మార్పు జీన్‌లో ప్రొటీన్ రాయని భాగంలో, అంచుకు దూరంగా ఉంటుంది. ప్యానెల్ దాన్ని చదువుతుందో లేదో ల్యాబును అడిగి తెలుసుకోవాలి.

టైటిన్ అనే కండర ప్రొటీన్ జీన్‌తోనూ ఇలాంటి తిప్పలే. కుటుంబాల్లో వచ్చే డీసీఎంలో దాదాపు పావువంతుకు ఈ జీన్ తెగిపోవడమే కారణం, కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అప్పుడప్పుడూ కనబడుతుంది. తెగిన చోటు పెద్దల గుండెలో నిజంగా వాడుకలో ఉన్న ఎక్సాన్‌లో (ప్రొటీన్ రాసే జీన్ ముక్కలో) ఉందా లేదా అన్నది చూడాలి.

పరీక్ష ముందు ఎవరికి చేయాలి? జబ్బు అందరికంటే స్పష్టంగా ఉన్నవారికి. ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి ముందు చేసి “నెగెటివ్ వచ్చింది, భయం లేదు” అనడం అర్థంలేని పని, ఎందుకంటే వెతకాల్సింది ఏమిటో ఇంకా తెలియదు. రోగిలో జబ్బు తెచ్చే మార్పు దొరికితే అదొక్కటే బంధువుల్లో చూస్తారు. లేనివాళ్లను ఇక తిప్పించుకోనక్కర్లేదు. రోగిలో ఏమీ దొరక్కపోతే (హెచ్‌సీఎంలో ఇది చాలా మామూలు) దగ్గరి బంధువులందరికీ ఈసీజీ, ఎకో తప్పవు. 2023 యూరప్ మార్గదర్శకాల ప్రకారం అరవై లోపు వాళ్లకు ఏడాది నుంచి మూడేళ్లకోసారి, తర్వాత మూడు నుంచి ఐదేళ్లకోసారి. రోగిలో వీయూఎస్ మాత్రమే వస్తే, అది లేదని ఏ బంధువునూ వదిలేయకూడదు. శిక్షణ ముగింపు పరీక్షలో తప్పక అడగాల్సిన ప్రశ్న ఇది.

అన్న డల్లాస్‌లో, చెల్లెలు గుంటూరులో ఉన్న కుటుంబాలు మన దగ్గర కోకొల్లలు. “జీన్ పాజిటివ్ అట” అని వాట్సాప్‌లో చెప్పుకుంటే అక్కడి ల్యాబుకు ఏమీ అర్థం కాదు. జీన్ పేరు, ట్రాన్స్‌క్రిప్ట్ నంబరు, మార్పు పూర్తి పేరు, తరగతి, తేదీ ఉన్న అసలు రిపోర్టు కాపీ, దానితో బంధువులకు రాసిన ఒక పేజీ ఉత్తరం వెళ్లాలి. ఉత్తరం రోగి చేతికే ఇవ్వాలి. ఆయన ఒప్పుకోకుండా డాక్టరు బంధువులకు ఫోన్ చేయకూడదు.

“అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు ఆ పరీక్ష వద్దండీ” అన్న మాట తప్పక వినబడుతుంది. వాదించి లాభం లేదు. జీన్ పరీక్ష ఆగినా ఈసీజీ, ఎకో ఆగక్కర్లేదు. అవి మామూలు ఆరోగ్య పరీక్షల్లాగే జరిగిపోతాయి. బీమా గురించి పరీక్షకు ముందే మాట్లాడాలి, తర్వాత కాదు. ఆరోగ్య బీమాలో “జన్యు వ్యాధులు వర్తించవు” అన్న షరతు చూపించి క్లెయిమ్ తిరస్కరించిన కేసులో 2018లో ఢిల్లీ హైకోర్టు రోగి పక్షాన తీర్పిచ్చింది. ఆ రోగికి ఉన్నది హెచ్‌సీఎమ్మే. విషయం ఆపైన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఐసీడీ (ప్రాణాంతకంగా లయ తప్పితే షాకిచ్చే పరికరం) ఎవరికి

హెచ్‌సీఎంలో ఐదేళ్ల హఠాన్మరణ ప్రమాదాన్ని లెక్కించే యూరప్ ఫార్ములాలో ఏడు అంశాలుంటాయి: వయసు, గోడ మందం, ఎడమ కర్ణిక వ్యాసం, గ్రేడియెంట్, కుటుంబంలో హఠాన్మరణం, హోల్టర్‌లో (రోజంతా తీసే ఈసీజీలో) వేగపు జఠరిక లయ, కారణం తెలియని స్పృహతప్పడం. 6 శాతం దాటితే ఐసీడీ వైపు మొగ్గు, 4 నుంచి 6 మధ్య చర్చ. తప్పులు నింపే దగ్గరే జరుగుతాయి. కర్ణిక వ్యాసం మిల్లీమీటర్లలో అడిగితే ఘనపరిమాణం వేస్తారు. గ్రేడియెంట్ విశ్రాంతిలోది, వాల్సాల్వాలోది మాత్రమే వేయాలి, ట్రెడ్‌మిల్ తర్వాతది వేయకూడదు. పదహారు లోపు పిల్లలకు ఈ లెక్క కాదు, వేరేది ఉంది. ఫాబ్రీ లాంటి జబ్బులకు అసలు వర్తించదు. ఎంఆర్ఐలో మచ్చ ఎంతుందన్నది ఇందులో లేదు. మచ్చ కండరంలో 15 శాతం దాటితే విడిగా తూచుకోవాలి.

డీసీఎంలో “పంపింగ్ 35 శాతం లోపుకి పడితేనే ఐసీడీ” అన్న డీఎం పాఠాన్ని ఇక్కడ మరిపించాలి. లామిన్, ఫిలమిన్ సి, డెస్మోప్లాకిన్ జీన్లలో పంపింగ్ 45 ఉన్నప్పుడే మనిషి పోవచ్చు. లామిన్ రోగికి హార్ట్‌బ్లాక్ వచ్చి పేస్‌మేకర్ పెట్టబోతుంటే, అదే చేత్తో ఐసీడీ పెట్టాలా అని ఆగి ఆలోచించాలి. ఎంఆర్ఐలో బయటి పొర వెంబడి ఉంగరంలా మచ్చ కనబడితే డెస్మోప్లాకిన్, ఫిలమిన్‌లను వెతకాలి. ఇలాంటివి రెండు మూడుసార్లు మయోకార్డైటిస్ (గుండె కండరపు వాపు) అని డిశ్చార్జి అయ్యుంటాయి. ఎంఆర్ఐ సొంతంగా చదివే రెండో స్థాయికి 150 స్కాన్లు కావాలన్నది అంతర్జాతీయ కొలమానం, ఏడాదిలో అందుకోదగ్గదే.

ఏఆర్‌వీసీలో వ్యాయామమే జబ్బును ముందుకు తోస్తుంది. మారథాన్, కబడ్డీ లాంటివి జీన్ మాత్రమే ఉన్నవాళ్లూ ఆపాలి. హెచ్‌సీఎంలో అంత నిషేధం ఇప్పుడు లేదు, రిస్కు చూసి మాట్లాడుకుని నిర్ణయిస్తారు. రెంటికీ ఒకే సలహా ఇచ్చే డాక్టరుకు శిక్షణ పూర్తికానట్టే.

మార్చురీ దగ్గర

కుటుంబంలో మొదటి రోగి ఒక్కోసారి మార్చురీలోనే దొరుకుతాడు. ఇటలీ పాదువాలో గేటానో తియెనె బృందం 1988లో ఏఆర్‌వీసీని యువకుల హఠాన్మరణాలతో ముడిపెట్టింది శవపరీక్షల నుంచే. కనీసం రెండు వారాలు ఫోరెన్సిక్, పాథాలజీ విభాగాల్లో గడపాలి. నేర్చుకోవాల్సింది ఏమిటంటే: గుండెను ముక్కలు చేయకముందే తూకం, ఫొటోలు; రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో 10 మి.లీ. రక్తం, సుమారు 5 గ్రాముల గుండె, ప్లీహం ముక్కలు చల్లగా గడ్డకట్టించి దాచడం. అన్నీ ఫార్మలిన్‌లో పడేస్తే డీఎన్ఏ చెడిపోయి తర్వాత ఏ ల్యాబూ ఏమీ చెప్పలేదు. మెడికో లీగల్ కేసుల్లో దీనికి పోలీసుల కాగితం, కుటుంబం సమ్మతి రెండూ కావాలి కాబట్టి ఫోరెన్సిక్ ప్రొఫెసరుతో ముందే మాట్లాడుకుని ఒక పద్ధతి రాసిపెట్టుకోవాలి. చావు జరిగిన రాత్రి ఎవరికీ ఇవి తట్టవు.

జెనెటిక్స్ విభాగంలో కనీసం రెండు నెలలు ఉండాలి. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ లాంటి విభాగం ఉన్న ఊళ్లో ఇది కష్టమేమీ కాదు.

ఏడాది చివర లాగ్‌బుక్‌లో ఎన్ని ఎకోలు చేశారన్న అంకె చూడటం దండగ. యాదృచ్ఛికంగా ఇరవై కుటుంబాల ఫైళ్లు తీయండి. ఒక్కోదానిలో పరీక్షకు అర్హులైన దగ్గరి బంధువులు ఎంతమంది, వాళ్లలో వచ్చినవాళ్లు ఎంతమంది, రానివాళ్లు ఎందుకు రాలేదో రాసుందా, ఇరవై కుటుంబాల్లో ఎన్నిటిలో వంశవృక్షం రెండోసారి సరిచేశారు అని చూడండి. రిజిస్టర్‌లో ప్రతి బంధువు పేరు పక్కనా తర్వాత రావాల్సిన తేదీ, ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో ఉండాలి. వీయూఎస్ వచ్చిన ప్రతి కుటుంబానికీ రెండు మూడేళ్లకోసారి ల్యాబును మళ్లీ అడిగే గడి వేరే పెట్టాలి. తరగతి మారితే ఫెలోషిప్ ముగించి ఎక్కడో ప్రాక్టీసు చేసుకుంటున్న డాక్టరుకు కాదు, క్లినిక్‌కే ఆ సంగతి చేరేలా రిపోర్టు మీద క్లినిక్ ఫోన్ నంబరే రాయించండి.